రాట పడిన పేటలో నాలుగు రోజులు

విజయనగరం వెళ్తే ఎక్కడ దిగాలి అని ఎవరైనా నన్ను అడిగితే, స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జీల్లో ఏదో ఒకదాంట్లో దిగండి అంటాను. ఏసీ సరిగ్గా పనిచెయ్యదు, బాత్‌రూమ్ తలుపుకి గడియ పడదు, కింద హోటల్లో రెండు పూటలా అదే సాంబారు. అయినా అక్కడే దిగండి. నేను ఒక్క రాత్రికే అక్కణ్ణించి లేచొచ్చేశాను కాబట్టే ఇదంతా రాయాల్సి వచ్చింది.

నాది అనంతపురం. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళతో కుస్తీ పట్టి రిటైరయ్యాను. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉంటున్నాను. ఒంటరిదాన్ని. రెండేళ్ళ క్రితం మా ఎదురు ఫ్లాట్ ఆయన పోతే మాకు మూడో రోజు గానీ తెలియలేదు. తెలిసిన విధం ఇక్కడ రాయను. అప్పట్నుంచీ నాకొక పిచ్చి పట్టుకుంది. ఏ ఊరు వెళ్ళినా మొదటి రాత్రి దాటి హోటల్లో ఉండను. పట్టణంలోనే ఉండాలి, కానీ పల్లెలా ఉండే పేట కావాలి. గుమ్మాల్లో మనుషులు కూర్చోవాలి, కోళ్ళు అడ్డం రావాలి, నేను తుమ్మితే పక్కింటివాళ్ళకి వినపడాలి.

అలాంటి చోటు వెతకడానికి నాకొక పద్ధతుంది. ఊరి నడిబొడ్డున మొదలుపెట్టి, ఆటోలు దూరని సందులు పట్టుకుని నడుస్తాను. ఎవరైనా ఆపి "ఎవరింటికి?" అని అడిగారంటే, అదే నా పేట. అడగకపోతే ఇంకా నడుస్తాను. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇది తగని పద్ధతి అని డాక్టరు కూడా చెప్పాడు.

గంటస్తంభం నుంచి

ఒక రాత్రి లాడ్జీలో నిద్ర లేకుండా గడిపి, శనివారం పొద్దున్నే గంటస్తంభం దగ్గర బయల్దేరాను. మే నెల. ఎనిమిదింటికే ఒళ్ళంతా చెమట. కోట గోడ దాటాను, మార్కెట్ దాటాను, ఒక బియ్యం మిల్లు వెనకనుంచి సందులోకి తిరిగాను. నాలుగు వీధుల్లో ఎవరూ నన్ను పట్టించుకోలేదు. అయిదో వీధిలో ఒకావిడ గుమ్మం ముందు కూర్చుని, చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తోంది. తలెత్తి చూసింది.

"ఎవులింటికమ్మా?"

"ఎవరింటికీ కాదు. నాలుగు రోజులుండడానికి గది కావాలి."

ఆవిడ కత్తి పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కూడా చూసింది. పేటలోకి వచ్చే దారి మొదట్లో ఒక బోరింగు ఉంది. అక్కడ నీళ్ళు కొడుతున్న ఇద్దరు ఆపేసి చూశారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పనసకాయ కోస్తున్నావిడ పేరు బంగారమ్మ. యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముక్కుకి రెండు వైపులా పుడకలు. భర్త అప్పలస్వామి ఆటో నడుపుతాడు. పిల్లలు లేరు. వాకిలి పక్కన ఒక గది ఖాళీగా ఉంది. పోయినేడు ఒక నర్సమ్మ అద్దెకుండేదట. రోజుకి మూడొందలు, తిండితో సహా. నేను బేరమాడలేదు. ఆడటానికి నోరు రాలేదు.

"గది ఇవ్వడానికేటి గానీ మేడమ్," అంది బంగారమ్మ, "ఇయ్యాల సాయంత్రం మా పేట అమ్మోరికి రాట పడతాది. రాట పడ్డాక ఇక్కడ తొంగున్న మనిషి, అమ్మోర్ని సాగనంపే అనుపయ్యేదాకా ఇక్కడే తొంగోవాల. పగలెక్కడికైనా తిరగండి. దీపాలేలకి వచ్చేయాల. ఉంటే మంగలారం దాకా ఉండాల. లేకపోతే ఇప్పుడే ఎలిపోండి."

ఇంకెవరైనా అయితే అక్కడే సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగేవారు. నేను మాత్రం మురిసిపోయాను.

రాట

సాయంత్రం పేట మధ్యలో గొయ్యి తీసి రాట పాతారు. పసుపు రాసిన నిలువెత్తు కర్ర, పైన వేపమండలు. అంతకుముందు సింహాచలం ఇంటింటికీ చాట పట్టుకుని తిరిగింది. సింహాచలం అంటే ఎదురింటి ముసలమ్మే. అటువైపు ఆడవాళ్ళకీ ఆ పేరు పెడతారు. ఆ రాత్రి ఇంట్లో పడుకునే తలలెన్నో అన్ని గుప్పెళ్ళ బియ్యం ఆ చాటలో పోయాలి. బంగారమ్మ రెండు గుప్పెళ్ళు పోసి, నావైపు చూసి, మూడోది పోసింది.

"ఇది మేడమ్ పేరున," అంది.

"పేరేటి?" అని అడిగింది సింహాచలం. చెప్పాను. ఆవిడ ఆ పేరు రెండుసార్లు పలికి, చాట కుదిపి, పక్కింటికి వెళ్ళింది. మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నా నా పేరు తెలిసినవాళ్ళు ముగ్గురే.

ఆ రాత్రి భోజనంలో పనసపొట్టు కూర, కందిపప్పు, వేయించిన నెత్తళ్ళ చేపలు. పప్పు నోట్లో పెట్టుకోగానే తియ్యగా తగిలింది. బెల్లం వేస్తారట. మా అనంతపురంలో పప్పులో బెల్లం వేస్తే పెళ్ళివారు విస్తళ్ళ ముందునుంచి లేచిపోతారు. మొహమాటానికి తిన్నాను. రెండో రోజుకి అలవాటైంది. పొద్దున్నపూట మాత్రం వాళ్ళు తాగే చోడి అంబలి, అంటే రాగి జావ, నాకు మా రాగి సంగటి ఇంటినుంచి వచ్చిన చుట్టంలా అనిపించింది.

తింటున్నప్పుడే బంగారమ్మ ఆ ఏడు తమ ఇంటి వంతు అని చెప్పింది. అమ్మవారి ఘటం ఎత్తేది ఏడాదికొక ఇంటి ఆడమనిషి. ఆ వంతు పేటలో పదిహేను పాత కుటుంబాలకే ఉంది కాబట్టి, మళ్ళీ తిరిగి రావడానికి పదిహేనేళ్ళు పడుతుంది. కిందటిసారి వీళ్ళ వంతొచ్చినప్పుడు, రాట పడ్డ మర్నాడు అత్తగారు పోయింది. ఇంటికి మైల పట్టింది. ఘటం పక్కింటికి వెళ్ళింది. ఆ ఏడు వానల్లో పేటలో పచ్చకామెర్లొచ్చి ఇద్దరు పోయారు.

"ఎవులూ నా మొకం మీద అనలేదు మేడమ్. కానీ పదిహేనేల్లు ఆ మాట నా ఎనకాల తిరిగినాది. ఈ ఏడెలాగయినా ఎత్తాల."

ఇంకో సంగతీ చెప్పింది. బొబ్బిలిలో వాళ్ళ అప్ప గౌరమ్మ ఉంది. అప్ప అంటే అక్క. బంగారమ్మకి మూడేళ్ళప్పుడు తల్లి పోతే పదిహేనేళ్ళ గౌరమ్మే పెంచింది, పెళ్ళి చేసింది. ఇప్పుడు మంచాన పడింది. రాట పడకముందు వెళ్ళి రెండు రోజులుండి వచ్చిందట. బుధవారం పొద్దున్నే మళ్ళీ వెళ్తుంది.

"బుదారం దాకా ఉంటాదనే సెప్పినాడు డాక్టరు," అంది. మజ్జిగ పోసుకున్నాను.

కళింగపట్నం, చీపురుపల్లి

ఆదివారం శ్రీకాకుళం వైపు వెళ్ళాను. ఆమదాలవలసలో రైలు దిగి, బస్సు మారి, కళింగపట్నం చేరేసరికి పదకొండు. నాకు సముద్రం అంటే పెద్ద ఇష్టం లేదు. మాది నీళ్ళు లేని సీమ, అంత నీళ్ళు ఒక్కసారిగా చూస్తే కోపం వస్తుంది. లైట్‌హౌస్ నీడలో కూర్చుని, ఇసకలో ఎండుచేపలు తిరగేస్తున్న ఒకామెతో మాట కలిపాను. నెత్తళ్ళు రెండొందల గ్రాములు కొన్నాను. ఆమె మొగుడు గుజరాత్ వైపు బోట్ల మీదకి వెళ్ళాడట, ఎనిమిది నెలలైంది. ఆ మాట చెబుతూ చేతిపని ఆపలేదు.

"తమరు ఎక్కడ దిగినారు?"

చెప్పాను. రాట సంగతి కూడా గొప్పగా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"రాట పడిన ఊర్లోంచి ఇంత దూరమొచ్చి ఇసకలో కూకున్నారేటి? బేగి ఎలిపోండి. పొద్దోతే ఆల్లకెంత కంగారు."

నేను నవ్వాను. ఇంకో గంట కూర్చున్నాను. దానికి తగ్గట్టే, తిరుగు రైలు చీపురుపల్లిలో ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. ప్లాట్‌ఫామ్ మీద ఒకతను ఉడకబెట్టిన వేరుశెనగలు అమ్ముకుంటూ నాలుగుసార్లు తిరిగాడు. అయిదున్నరకి అప్పలస్వామి ఫోన్ చేశాడు. ఆరుకి మళ్ళీ చేశాడు. ఆరున్నరకి గొంతు మారింది.

"మేడమ్, ఆ రైలొదిలేసి ఏదైనా జీపెక్కండి. అందరూ బోరింగు కాడే నిలుసున్నారు."

జీపెక్కి వచ్చేసరికి చీకటి పడిపోయింది. నిజంగానే బోరింగు దగ్గర పది పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. బంగారమ్మ చెంబుతో పసుపునీళ్ళు నా కాళ్ళ మీద పోసింది. సింహాచలం చెడామడా తిట్టింది. ఆఫీసులో ఎవరూ నన్ను అలా తిట్టి బతికి బట్టకట్టలేదు. ఇక్కడ మాత్రం తలొంచుకుని నిలబడ్డాను. లోపల సంతోషంగా ఉంది. నేను రాలేదని ఒక వీధంతా నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి. అది మంచి సంగతనే అనుకున్నాను.

బొబ్బిలి

సోమవారం వీణలు చూడటానికి బొబ్బిలి బయల్దేరుతుంటే బంగారమ్మ ఒక పొట్లం ఇచ్చింది. మామిడి తాండ్ర. "అప్పకి నోరు సప్పగుంటన్నాదట. కొంచెం నాలిక మీద పెట్టమనండి," అంది. తనే ఫోన్ చేసి చెబుతానందిగానీ, ఆవిడ ఫోన్ ముందురోజు రాత్రినుంచే అప్పలస్వామి దగ్గరుంది. బ్యాటరీ పాడైందని బాగుకి ఇచ్చానన్నాడు. పండగ పనిలో ఉండి ఆవిడ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ముందు వీణల దగ్గరకే వెళ్ళాను. ఒక పెద్దాయన పనస దుంగని కాళ్ళ మధ్య పెట్టుకుని బాడితతో తొలుస్తున్నాడు. కుండ, మెడ, తల అన్నీ ఒకే చెక్కలోంచి రావాలట. అతుకుండకూడదు. ఎక్కడైనా పగులిస్తే ఏం చేస్తారు అనడిగాను. "పొయ్యిలో పెడతాం," అన్నాడు. చాలాసేపు కూర్చున్నాను. ఆ గంటన్నర అక్కడ కూర్చోకుండా ముందే వెళ్ళి ఉంటే ఏమయ్యేది అని తరవాత చాలాసార్లు లెక్క వేసుకున్నాను. ఏమీ అయ్యేది కాదు.

గౌరమ్మ ఇంటి ముందు గుడ్డ పందిరి వేసి ఉంది. ఆడవాళ్ళు గోడవార కూర్చున్నారు. లోపల ఐసు పెట్టె. అద్దంలోంచి కనిపించింది మొహం. ముక్కు అచ్చం బంగారమ్మదే. రెండు వైపులా పుడకలు తీసేశారు, రంధ్రాలు కనపడుతున్నాయి.

గౌరమ్మ భర్త సూరయ్య నా చేతిలో పొట్లం చూసి, నేనెవరో చెప్పకుండానే అర్థం చేసుకున్నాడు.

"బంగారి ఇంటికాడ దిగినోరేనా? రాత్రి మాట పడిపోనాది. తెల్లారగట్ల పోనాది. కొడుకు సూరత్‌లో ఉన్నాడు, బండెక్కినాడు. రేపు పొద్దున తొమ్మిదింటిదాకా ఉంచుతాం. ఆ పైన ఉంచలేం."

"బంగారమ్మకి చెప్పారా?"

"అప్పలస్వామికి సెప్పినాను. ఘటం నెత్తి మీద ఉన్నాది, ఇప్పుడు సెప్పలేను అన్నాడు. ఆడి మాటా తప్పు కాదు. కబురిన్నాక గదా మైల. ఇనకపోతే నేదు." ఆయన పొట్లం తీసుకుని అరుగు మీద పెట్టాడు. "రేపు తొమ్మిదింటిలోగా వస్తే సూస్తాది. రాకపోతే నేదు. దాన్ని సంకనేసుకు పెంచినాది ఇది. ఏటి సెయ్యమంటారు."

మా వైపు కూడా మైల ఉంది, పండగలు ఆగిపోతాయి, గుళ్ళకి వెళ్ళరు. కానీ కబురు చెవిన పడేదాకా మైల పట్టదని, అందుకని కబురునే దాచిపెడతారని నాకు తెలియదు. తెలిశాక తప్పని అనిపించలేదు. ఒప్పనీ అనిపించలేదు. కడసారి చూపు అంటారే, అది ఆ ఐసు పెట్టెలో ఇంకో పద్దెనిమిది గంటలుంది, అంతే నాకు తెలిసింది.

బస్సులో గజపతినగరం దాకా చెప్పేద్దామనే అనుకున్నాను. వెళ్ళగానే పక్కకి పిలిచి చెప్పాలి. ఆటో ఎక్కితే రెండు గంటల్లో బొబ్బిలి. ఎలా మొదలుపెట్టాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

బోరింగు దగ్గర

నాలుగున్నరకి బోరింగు దగ్గర అప్పలస్వామి, సింహాచలం నాకోసం ఎదురుచూస్తున్నారు. సూరయ్య ఫోన్ చేసి చెప్పాడన్నమాట. ఆ వీధిలో బంగారమ్మ ఒక్కదానికి తప్ప అందరికీ తెలుసు. నిన్న నా కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నప్పుడు నవ్విన ఆడవాళ్ళు ఈ రోజు నా మొహం చూడలేదు.

"మేడమ్, దండం పెడతాను," అన్నాడు అప్పలస్వామి. "ఒక్క రోజు. రేపు సాయంత్రం అనుపయ్యాక నానే సెప్తాను."

"రేపు సాయంత్రానికి అక్కడేం ఉండదయ్యా. తొమ్మిదింటికి ఎత్తేస్తారు."

"తెలుసు." అతను భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు మాత్రం సెప్పాలని నేదేటి? మా వొదిన నన్ను కొడుకులాగ సూసినాది. ఘటం మళ్ళీ పక్కింటికెల్తే ఇది ఈ పేటలో తలెత్తుకు తిరగలేదు మేడమ్. వానల్లో ఎవులికి జొరమొచ్చినా దీని మొకమే సూస్తారు."

నేను వాదించడానికి నోరు తెరిచాను. సింహాచలం నా చెయ్యి పట్టుకుంది.

"నీ పేరున గుప్పెడు బియ్యం పడినాది. నువ్వూ ఈ ఊరి మనిషివే. ఊరంతా నోరు మూసుకున్నాక నీకొక్కదానికి నోరెందుకు?"

సిగ్గుతో చెబుతున్నాను, ఆ మాటకి నేను లొంగిపోయాను. భయపడి కాదు, ఒప్పుకుని కాదు. ఊరి మనిషివి అన్నందుకు. అరవై ఏళ్ళొచ్చినా ఆ ఒక్క మాట కోసం మొహం వాచి ఉన్నాను కాబోలు.

చావింటికి వెళ్ళొచ్చిన మనిషిని అలాగే పేటలోకి రానివ్వరు. బోరింగు పక్కనే ఉన్న తడికెల మరుగులోకి తీసుకెళ్ళి నాకు తలమీదనుంచి నీళ్ళు పోసింది సింహాచలం. నా చీర పిండి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తన ఆకుపచ్చ నేతచీర ఒకటి ఇచ్చింది. బంగారమ్మ అడిగితే చెప్పడానికి కథ కూడా వాళ్ళే అల్లి ఇచ్చారు. మిల్లు వెనక కాలవ దాటుతూ జారిపడ్డానట. బురదైతే ముసలమ్మ చీర మార్పించిందట.

బంగారమ్మ వాకిట్లో అలుకుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. కథ చెప్పాను. బాగానే చెప్పాను, ముప్పై మూడేళ్ళు పైఅధికారులకి చెప్పిన అనుభవం.

"దెబ్బ తగలలేదు గదా," అంది. లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చింది. నన్ను గడప మీద కూర్చోబెట్టి నా వెనక కూర్చుని తల తుడవటం మొదలుపెట్టింది. కాలవలో జారిపడితే చీర తడుస్తుంది. తల అంత శుభ్రంగా, పాయపాయనా తడవదు. ఈ ముక్క అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

"బొబ్బిలి ఎలాగున్నాది మేడమ్?"

వీణల గురించి చెప్పాను. పనస దుంగ గురించి, బాడిత గురించి, అతుకులేని కుండ గురించి. ఇంత వివరంగా ఎవరికీ ఎప్పుడూ ఏదీ చెప్పి ఉండను. ఆవిడ తుడుస్తూనే ఉంది.

"ఇంకేటి సూసినారు?"

"కోట చూశాను," అన్నాను. కోట వైపు పోనేలేదు.

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఎండ. వచ్చేశాను."

ఆవిడ చేతులు కాసేపు నా తల మీదే ఉన్నాయి. పక్కింట్లో ఎవరో పోపు పెడుతున్నారు. బంగారమ్మ ఇంకేదైనా అడుగుతుందేమోనని గడప అంచు పట్టుకుని కూర్చున్నాను. అడగలేదు. అప్ప ఎలా ఉందని గానీ, తాండ్ర ఇచ్చారా అని గానీ అడగలేదు. లేచి, తువ్వాలు తీగ మీద ఆరేసి, దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. పండగ హడావిడిలో మరిచిపోయింది, బతికిపోయాను అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

ఘటం

మంగళవారం పొద్దు పొడవగానే తప్పెట్లు మొదలయ్యాయి. బంగారమ్మ పసుపుచీర కట్టుకుని వచ్చింది. సింహాచలం ఆవిడ నెత్తిన ఘటం పెట్టింది. పసుపు, కుంకం బొట్లు పెట్టిన కొత్త కుండ. అందులో అందరి బియ్యం, పైన దీపం. చెయ్యి పట్టుకోకుండా నడవాలి. నడిచింది. మెడ కదల్చకుండా, కళ్ళు ఎదరికి పెట్టి, ఆ వయసులో అంత బరువుతో, ఒక్క అడుగు తడబడలేదు.

ప్రతి ఇంటి ముందూ ఆగాలి. ఆ ఇంటి ఆడమనిషి వచ్చి ఘటం ఎత్తిన కాళ్ళ మీద పసుపునీళ్ళు పొయ్యాలి. నలభై పైచిలుకు ఇళ్ళు. చివర్న తన ఇంటికే వచ్చింది. ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. అందరూ నావైపు చూశారు. సింహాచలం చెంబు నా చేతిలో పెట్టింది.

నీళ్ళు పోశాను. మడమలు పగిలి ఉన్నాయి, వేళ్ళ మధ్య కుంకం చేరింది. చేతి గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. తొమ్మిదికి అయిదు నిమిషాలుంది. బొబ్బిలిలో కట్టెలు పేరుస్తూ ఉంటారు. నేను తలెత్తి ఆవిడ మొహం చూశాను. ఆవిడ నన్ను చూడలేదు. ఘటం నెత్తినుంటే కిందికి చూడకూడదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఇద్దరు ఏడుస్తున్నారు. అమ్మవారి మీద భక్తి అని చూసినవాళ్ళు అనుకుంటారు. నేను యాత్రికురాలిగా వచ్చి ఉంటే నేనూ అలాగే అనుకుని, అలాగే రాసి ఉండేదాన్ని. ఎంత చక్కని పేట, ఎంత కలిసికట్టుగా ఉన్నారో అని నాలుగు ఫొటోలు కూడా పెట్టేదాన్ని.

మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. బూరెలు, పులిహోర, వేటమాంసం. నాకు ముద్ద దిగలేదు. ఎండదెబ్బ తగిలిందన్నాను. నిన్నట్నుంచీ అబద్ధాలు చెప్పి చెప్పి నోరు అలవాటు పడిపోయింది.

అనుపు

సాయంత్రం ఇంకా వెలుగుండగానే అమ్మవారిని ఊరి చివరికి సాగనంపారు. ఘటం దించి, దీపం ఆర్పి, వచ్చి రాట పెరికేశారు. గొయ్యి మట్టితో పూడ్చారు. అంతటితో కట్టు విడిపోయినట్టే. ఎవరు ఎక్కడికైనా పోవచ్చు.

బంగారమ్మ బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంది. అప్పలస్వామి మొహం వేలాడేసుకుని ఎదురెళ్ళాడు, ఏదో అనబోయాడు. ఆవిడ అతన్ని దాటుకుని తిన్నగా నా దగ్గరకొచ్చింది.

"ఇప్పుడు సెప్పండి మేడమ్."

"నిన్న తెల్లవారుజామున," అన్నాను.

"ఎత్తేసినారా?"

"ఈ రోజు పొద్దున. తొమ్మిదింటికి."

ఆవిడ మనసులో ఏదో లెక్క చూసుకుంది. "నిన్న మీరొచ్చేలకి ఉన్నాదన్నమాట."

"ఉంది."

"రాత్రంతా ఉన్నాది."

వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరకొచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు. ఒకావిడ శోకం మొదలుపెట్టబోతే సింహాచలం ఆపింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"మీ తల సూసినాను గదా. సావింటికెల్లొచ్చినోల్ల తల నాకు తెలీదేటి?"

"అడగొచ్చు కదమ్మా నన్ను."

"నానడిగితే, కబురు నానే పిలిసి ఇంటిలోకి తెచ్చుకున్నట్టు. ఘటాన్ని నానే దించేసినట్టు. మీరు సెప్తే నా సేతిలో ఏటున్నాది? సెవిన పడిపోనాది, ఎల్లక తప్పదు. ఎలిపోదును." కళ్ళలో నీళ్ళు లేవు. పసుపు ఎండిపోయి మొహమంతా బీటలుగా ఉంది. "ఈల్లు సెప్పరు. ఈల్ల అప్ప పోతే నానూ సెప్పను, అది మా కట్టు. మీరు ఊరోల్లు కారు గదా మేడమ్. మీరైనా సెప్తారనే, అంతసేపు తల తుడుస్తా కూకున్నాను."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనేదో ఒకటి సమాధానం వెతుక్కునేదాన్ని. గుప్పెడు బియ్యం సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ బియ్యం పోసింది ఆవిడే. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

అప్పలస్వామి ఆటో తీశాడు. బంగారమ్మ పసుపుచీరతోనే ఎక్కింది. అప్పుడు గానీ ఆవిడకి ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. సింహాచలం పక్కన ఎక్కి కూర్చుని పొదువుకుంది. ఇంకొకరికి చోటుంది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. బంగారమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది.

"గది తాలం సెవి సూరులో దోపి ఎల్లండి మేడమ్," అంది.

ఆటో వెళ్ళిపోయింది. గదిలోకెళ్ళి సంచి సర్దుకున్నాను. ఆకుపచ్చ చీర మడతపెట్టి సింహాచలం అరుగు మీద ఉంచాను. తాళం వేసి, చెవి చూరులో దోపి, బోరింగు దాటి రోడ్డు మీదకి నడిచాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు.